చప్పుడు చేయని గొట్టం

హాస్పిటల్ మొదటి అంతస్తు, రంగు వాసన వదలని హాలు నుంచి

నానమ్మా,

ఫోన్ చేస్తే "ఎవరూ, గ్యాసు వాళ్లా?" అని పెట్టేశావు. కాబట్టి ఉత్తరమే గతి. నీ చెవులు బాగున్న రోజుల్లో నేను రాసినవన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. ఇప్పుడు చూడు నా పాట్లు.

పని దొరికింది. కంటి ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో గోడంత చేపల తొట్టి. ఆపరేషన్ కోసం కూర్చునేవాళ్లకి కాస్త భయం తగ్గాలని పెద్ద డాక్టరమ్మ కోరిక. ఊరంతా నీళ్ల గొట్టాల పనికి పిలిచే నాన్న పేరు చెప్పకుండా, నా ఒక్కదాని పేరు మీద ఒప్పుకున్న మొదటి పని ఇది. కుదిరిందా, ఇక నన్ను ఎవరూ ఫలానా వారి అమ్మాయి అనరు. చెడిందా, అదొక్కటే అంటారు.

చిక్కు ఎక్కడంటే, తొట్టికి సరిగ్గా కింద, కింది అంతస్తులో ఆపరేషన్ గది ఉంది. ఒక్క చుక్క దిగకూడదు. తొట్టి ఎలా నడుస్తుందో చెబుతాను. కింద బీరువాలో ఒక చిన్న తొట్టి, అందులో మోటారు. అది నీళ్లని పైకి తోస్తుంది. పైన మూలన ఒక నల్ల పెట్టె, దాని అంచుకి దువ్వెన పళ్లలా సందులు. నీళ్లు ఆ సందుల్లోంచి పెట్టెలోకి జారి, గొట్టంలోంచి మళ్లీ కిందికి దిగుతాయి. ఆ గొట్టం మూసుకుపోయినా మోటారుకి తెలీదు, తోస్తూనే ఉంటుంది. పైగా కింది తొట్టిలో నీళ్లు తగ్గితే కుళాయి నుంచి వాటంతటవే నిండే ఏర్పాటు అడిగారు. అంటే పొర్లడం మొదలైతే ఇక ఆగదు. అందుకే పక్కనే కాస్త ఎత్తులో రెండో గొట్టం పెట్టాను. మొదటిది మొరాయిస్తే ఇది అందుకుంటుంది.

దాన్ని చూసి ఆర్కిటెక్టు ముఖం చిట్లించాడు. "గ్రూపు ఫొటోలో చెయ్యెత్తినవాడిలా ఉందండీ. కనపడకూడదు, వినపడకూడదు" అన్నాడు. సరే అని దాని నోరు కిందికి వంచి పెట్టెలోనే దాచేశాను, మిగతాది బీరువా వెనక నుంచి దింపి నల్ల రంగు వేశాను. రెండు గొట్టాలున్నాయని నేను చెబితే తప్ప ఎవరికీ తెలీదు. బొమ్మ గీసి పంపుతున్నాను.

నాన్నకి చూపించకు. చూపిస్తే మాత్రం ఏమన్నాడో రాయి.

నీ మనవరాలు


వంటింటి కిటికీ పక్క నుంచి

గొట్టాల రాణికి,

గ్యాసు వాళ్లు నీకన్నా మర్యాదగా మాట్లాడతారు. నువ్వు ఎప్పుడూ లేనిది మర్యాదగా మాట్లాడేసరికి పొరబడ్డాను.

బొమ్మ చూశాను. బళ్లో పిల్లలు గీసిన బొమ్మలు దిద్ది దిద్ది అరిగిపోయిన కళ్లు నావి. నీ గీతలో వంకర దొరకలేదు, దాంతో కాస్త నిరాశపడ్డాను.

మీ నాన్నకి చూపించలేదు. బల్ల మీద పెట్టి కళ్లజోడు కోసం లోపలికి వెళ్లానంతే. కళ్లజోడు నా నెత్తి మీదే ఉంది, అయినా కాసేపు వెతికాను. తిరిగొచ్చేసరికి నీ కాగితం మీద కాఫీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చు పడి ఉంది. ఈ ఇంట్లో కాఫీ తాగేది వాడొక్కడే. అంతకుమించి నన్నేమీ అడగకు.

మీ తగువులో నేను తీర్పు చెప్పదలుచుకోలేదు. ఆ బ్యాంకు మేనేజరు ఇంటి మేడ మీది ట్యాంకు నిండితే పొర్లే గొట్టాన్ని వాడు సరిగ్గా వీధి గుమ్మం మీదకి తిప్పడం, నువ్వు వాడితో చెప్పకుండా దాన్ని పెరటి వైపు మళ్లించడం, పనివాళ్ల ముందు వాడు నిన్ను "గొట్టాలకి పౌడరు రాసే పిల్ల" అనడం, నువ్వు ఆ పూటే బట్టలు సర్దుకోవడం, ఇవన్నీ ఇద్దరి నోటా విన్నాను. అదీ ఈ చెవులతో. మీరెంత గట్టిగా అరిచారో ఊహించుకో.

ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ ప్రశ్న. మొదటి గొట్టం మూసుకుపోయింది. రెండోది అందుకుంది. బాగుంది. ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? నీకా, డాక్టరమ్మకా, చేపలకా? "పరీక్ష చేసి చూశాను" అని రాయకు. అది వేరే ప్రశ్నకి జవాబు.

నానమ్మ


హాస్పిటల్ క్యాంటీన్, కాలు ఊగే బల్ల మీద నుంచి

హెడ్‌మిస్ట్రెస్ గారికి,

జవాబు ఇదిగో. ఎవరికీ తెలియనక్కర్లేదు. తెలియకపోవడమే దాని గొప్ప. తొట్టి తెరిచే ముందు మొదటి గొట్టాన్ని నా అరచేత్తో మూసి చూపించాను. రెండోది మొత్తం మింగేసింది. పక్కనే నిలబడ్డ ఆర్కిటెక్టు నేను చెప్పేదాకా గమనించలేదు. "ఇదండీ పనితనం" అన్నాడు. నాన్న నోటి నుంచి ఆ మాట వినాలంటే నేను ఇంకో జన్మెత్తాలి.

పెద్ద డాక్టరమ్మ చాలా సంతోషించింది. కంటికి పట్టీ వేసుకున్నవాళ్లు రెండో కంటితో చేపల్ని చూస్తూ తమ పేరు పిలిచినా లేవడం లేదట. ఇంకో రెండు చోట్ల నుంచి కబురొచ్చింది. వాటి కోసం మొక్కలూ రాళ్లూ చూడటానికి ఊళ్లు తిరుగుతున్నాను, ఒక్కోచోట ఫోన్ కూడా పలకదు.

మొన్న దారిలో ఆగి చూసుకున్నాను. అనుకున్నదానికన్నా బాగుంది. నీళ్లు ఇంకో వేలెడు పైకొచ్చి ఆ దువ్వెన పళ్లని కూడా కప్పేశాయి. ఇప్పుడు అంచూ లేదు, గీతా లేదు, అద్దం నిండా నీళ్లే. కుళాయి నింపుడు కాస్త ఎక్కువ పెట్టినట్టున్నారు, అదీ మంచిదే అయింది. రిసెప్షన్ అమ్మాయి ఫొటో తీసి ఇచ్చింది, పంపుతున్నాను. ఇది మాత్రం నాన్నకి చూపించు. ఏమీ చెప్పకుండా చూపించు.

నీ పౌడరు పిల్ల


వీధి గుమ్మం నుంచి, కొరియర్ మనిషిని నిలబెట్టి

తల్లీ,

చదవడం ఆపకు. నిలబడే చదువు.

ఫొటో మీ నాన్న చేతికిచ్చాను. వాడు చూసి కుర్చీలోంచి లేచాడు. "పళ్లేవీ?" అన్నాడు. నావేమో అనుకుని నోరు తడుముకున్నాను. "దువ్వెన పళ్లమ్మా. మునిగిపోయాయి" అన్నాడు. కుళాయి నింపుడు ఎక్కువైందట అని నువ్వు రాసిన మాట చదివి వినిపించాను. "కుళాయి నింపేది కింది తొట్టిని కదా, పైన మట్టం ఎలా పెరుగుతుంది?" అన్నాడు.  

పైన పెరిగిందంటే మొదటి గొట్టం తాగడం మానేసింది. ఎన్నాళ్ల నుంచో ఎవరికీ తెలీదు. ఇప్పుడు నడుస్తున్నది ఆ రెండోదొక్కటే. దానికి ఏదైనా అడ్డం పడిందంటే మూడోది లేదు.

నీ ఫోన్ అందడం లేదు. పక్కింటావిడ ఆసుపత్రికి చేస్తే "ఏ కన్నండీ?" అని అడిగారట. తొట్టి అంటే "తొట్టికి డాక్టరు లేరు" అన్నారట. మీ నాన్న చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి తిరిగొస్తున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు.

నువ్వు దిగిన గది చిరునామాకి ఈ మనిషి రాత్రికల్లా చేరుస్తానంటున్నాడు. అందగానే వెళ్లు. ముందు మోటారు ఆపు. ఏడుపొస్తే ఆ తరవాత.

నానమ్మ


గది నుంచి

నానమ్మా,

ఆపాను.

పొద్దున్నే ఊళ్ల నుంచి గదికి తిరిగొస్తే నీ ఉత్తరం తలుపు కింద ఉంది. చదివి అక్కణ్ణుంచే పరిగెత్తాను. హాల్లో అందరూ ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు. తొట్టి ఎప్పటిలాగే అందంగా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే నీళ్లు అద్దం పై అంచు దాకా వచ్చి, అంచు మీద ఉబ్బి నిలబడి ఉన్నాయి. ఊదితే దిగేలా ఉన్నాయి. కింద ఆపరేషన్ గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది, మెట్ల మీంచే చూశాను.

మోటారు ఆపి, స్టూలెక్కి, పెట్టెలో చెయ్యి పెట్టాను. మొదటి గొట్టం నోటి నిండా నత్తలు. మొక్కలతో పాటు వచ్చి ఉంటాయి, గింజలు కుక్కినట్టు కుక్కుకున్నాయి. రెండో గొట్టం నోటికి ఒక ఆకు సగం అతుక్కుని ఉంది. పట్టీ వేసుకున్న ఒక తాతగారు "చేపలకి ఏమైందమ్మా?" అన్నారు. "ఏమీ లేదండీ, శుభ్రం చేస్తున్నాను" అన్నాను. ఆకుని గుప్పిట్లో దాచుకున్నాను.

నీకు పంపిన బొమ్మలో ఒకటి గీయలేదు. మొదటిసారి చూపించినప్పుడు రెండో గొట్టం గుడగుడమంది. ఆర్కిటెక్టు "అబ్బే, ఇది కుదరదు" అన్నాడు. అప్పుడు దానికో వాల్వు బిగించి, మోటారు తోసేంత నీళ్లే పట్టేలా సన్నగా మూశాను. గొట్టంలోకి గాలి దూరదు, చప్పుడు పోయింది. అదనంగా నీళ్లు పట్టే చోటు కూడా పోయింది. అడ్డం పడటానికి సగం ఆకు చాలింది. అత్యవసరానికి పెట్టిన గొట్టానికి వాల్వు పెట్టకూడదని నాకు తెలుసు నానమ్మా. తెలిసే పెట్టాను. వినపడకూడదు అన్నారు కదా అని.

ఇప్పుడు నత్తల్ని తీసేశాను, వాల్వు తెరిచేశాను, నోటికి జల్లెడ పెడతాను. కింద ఒక్క చుక్క పడలేదు. ఎవరికీ ఏమీ తెలీదు. చెబితే ఈ పనీ పోతుంది, రాబోయే రెండూ పోతాయి. జరగనిదాన్ని జరిగినట్టు చెప్పడం దేనికి?

నాన్నకి చెప్పకు. ఈసారి నిజంగా.


వంటింటి కిటికీ పక్క నుంచి

గౌరవనీయులైన ఇంజనీరమ్మగారికి,

తమరి ఉత్తరం అందినది. జరగనిదాన్ని చెప్పడం దేనికన్న తమరి ప్రశ్న పరిశీలించడమైనది. తమరు వాల్వును దాచితిరి, పిమ్మట నత్తలను దాచితిరి, ఇక దాచుటకు ఆసుపత్రియే మిగిలినది.

చాలు, ఇంత మర్యాదకి నా చెయ్యి నొప్పెడుతోంది.

చూడవే. కింద గదిలో డాక్టరమ్మ తల వంచుకుని పని చేస్తుంది. నర్సూ వంచుకునే ఉంటుంది. ఆ గదిలో పైకి చూస్తూ ఉండేది బల్ల మీద పడుకున్న మనిషి ఒక్కడే. కప్పు మీద తడి మొదట కనపడేది వాడికే. వాడేమో కదలకూడదు, మాట్లాడకూడదు. నీ గొట్టం సంగతి తెలిసే అవకాశమున్న ఒకే ఒక్క మనిషిని అలా పడుకోబెట్టారు. వెళ్లి డాక్టరమ్మతో చెప్పు. పని పోతే పోనీ. చెప్పకుండా ఉంటే ఆ హాల్లోకి వెళ్లిన ప్రతిసారీ నువ్వే కప్పు కేసి చూస్తూ కూర్చుంటావు.

మీ నాన్నకి చెప్పాను. నిజంగా చెప్పొద్దన్నావు, నిజంగానే చెప్పాను. వాడు సగం ఆకు దగ్గర ఒక్కసారి కళ్లు మూసుకున్నాడు. తిట్టలేదు. తిట్టలేదు కదా అని నాకు ధైర్యం వచ్చి అడిగాను.

"ఒరేయ్, ఆ మేనేజరు ఇంటి గొట్టం వీధి గుమ్మం మీదకే ఎందుకు తిప్పావు? పెరట్లో చోటు లేదా?"

"పెరట్లో పడితే ఎవడికి తెలుస్తుంది? ట్యాంకు పొర్లుతూనే ఉంటుంది, గోడ నానుతూనే ఉంటుంది. నెత్తి మీద పడితేనే తలెత్తి చూస్తాడు."

"ఈ మాట దానితో అనొచ్చుగా?"

"దానికి తెలుసనుకున్నాను."

"తెలుసనుకుని పౌడరు అన్నావా?"

"పౌడరు కోపంలో అన్నాను. గొట్టం కోపంలో పెట్టలేదు."

ఉన్నదున్నట్టు రాశాను. డాక్టరమ్మ ఏమందో రాయి. చెప్పకపోతే అదీ రాయి, నాకు రాసే ఉత్తరాల ఖర్చు నీకు మిగులుతుంది.

నానమ్మ


హాస్పిటల్ మొదటి అంతస్తు, నడవాలో టబ్బుల మధ్య నుంచి

నానమ్మా,

చెప్పాను.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ వింది. నీళ్ల చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

"పడిందా?" అంది. లేదండీ అన్నాను. "పడేదా?" అంది. పడేదండీ అన్నాను. "ఎవరు కనిపెట్టారు?" అంది. మా నాన్న అన్నాను. "ఆయన ఇక్కడ పని చేస్తారా?" "లేదండీ. ఇంట్లో కూర్చుని ఫొటో చూసి." ఆవిడ తువ్వాలు తీసుకుని, ఒక్కో వేలూ తుడుచుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ పూటే తొట్టి ఖాళీ చేయించింది. ఆపరేషన్లు వెనక గదిలోకి మార్చారు. చేపలు టబ్బుల్లో ఉన్నాయి, నేను వాటి పక్కన ఉన్నాను, పేషెంట్లు ఎవరి మీద జాలిపడాలో తేలక ఇద్దరి మీదా పడుతున్నారు. ఆర్కిటెక్టు ఫోన్ చేసి "మీరు నోరు విప్పకుండా ఉంటే సరిపోయేదిగా" అన్నాడు. ఆ రెండు పనులూ పోయాయి. అవి తెచ్చింది ఆయనే.

మర్నాడు డాక్టరమ్మ పిలిచింది. "ఇంకొక్కసారి చేసి చూపించు. కానీ ఆ రెండో గొట్టం నడిస్తే నేను ఏ గదిలో ఉన్నా నాకు తెలియాలి. లేకపోతే ఆ గోడకి బొమ్మ తగిలిస్తాను. బొమ్మలు కారవు" అంది.

వాల్వు పీకేశాను. రెండో గొట్టాన్ని వెనక నుంచి తీసి ముందుకి తెచ్చాను. అద్దంలాంటి గొట్టం, రిసెప్షన్ బల్ల పక్కనే, నిటారుగా. ఎప్పుడూ ఎండిపోయి ఖాళీగా ఉంటుంది. కింద చివర కావాలనే ఎత్తులో ఆపాను, దిగే నీళ్లు రేకు పళ్లెం మీద పడి అప్పుడు కింది తొట్టిలోకి జారతాయి. ఇంత అందంగా నేను ఏ గొట్టమూ పెట్టలేదు నానమ్మా. ముందు దాచడానికి పడ్డ కష్టం కన్నా చూపించడానికి ఎక్కువ కష్టపడ్డాను.

అందరి ముందూ మొదటిదాన్ని మూశాను. గొట్టంలో నీళ్లు మెరుస్తూ దిగాయి. రిసెప్షన్ అమ్మాయి కుర్చీలోంచి ఎగిరి "నా చెవిలో ఎవరో బిందెలు దొర్లిస్తున్నారు" అంది. కింద నుంచి డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. "రోజూ ఇలాగే మోగుతుందా?" అంది. "మోగిన రోజు నన్ను పిలవండి. అందుకే మోగుతుంది" అన్నాను. ఆవిడ గొట్టం మీద చెయ్యి వేసి చూసింది. వానలు అయ్యేదాకా చూస్తానంది. అప్పటిదాకా ఆపరేషన్లు వెనక గదిలోనేనట. అంటే ఇంకా నమ్మలేదు. రిసెప్షన్ అమ్మాయి పళ్లెం మీద గుడ్డ వెయ్యొచ్చా అని అడిగింది. వేస్తే నిన్నే ఆ పళ్లెం మీద కూర్చోబెడతానన్నాను.

ఇది నాన్నకి చెప్పు. రెండో గొట్టాన్ని వీధి గుమ్మం మీదకే తిప్పానని, నడిస్తే మోగుతుందని చెప్పు. నీళ్లు దిగినప్పుడు అది నిలువునా అదురుతోంది, అలా అదిరితే కొన్నాళ్లకి అతుకు వదులుతుందేమోనని భయంగా ఉంది, ఎక్కడ బిగించాలో అడుగు. ఇంకా కోపంగా ఉన్నాడేమో కూడా అడుగు. నేనడిగినట్టు కాకుండా.

నీ మనవరాలు


వంటింటి కిటికీ పక్క నుంచి

చంటీ,

కవరులో ఒక కాగితం ముక్క ఉంటుంది చూడు. నీ ఉత్తరంలో "ఇది నాన్నకి చెప్పు" దగ్గర నుంచి కింది భాగం. కత్తెరతో కత్తిరించి వెనక్కి పంపుతున్నాను. నేను చెప్పను.

ఎందుకంటే నేను చెబితే చాలా బాగా చెబుతాను. ఎవరికి తెలుస్తుంది అని నేనడిగిన ఆ ప్రశ్న నాదనుకున్నావు కదూ. నీ బొమ్మ మీద గ్లాసు పెట్టి మీ నాన్న అన్న మాట అది. వాడన్నది, "అది నడుస్తోందని ఏ మొహానికి తెలుస్తుందట, అడుగు ఆ పొగరుబోతుని" అని. నేను పొగరుబోతుని తీసేసి, చేపల్ని చేర్చి, నా పేరు మీద పంపాను. అటు వాడు "తిన్నదా, పడుకున్నదా?" అంటే నీకు చేరవెయ్యలేదు, నువ్వు ఏడుస్తావని. ఇటు నువ్వు "ఏమన్నాడో రాయి" అంటే వాడికి చదివి వినిపించలేదు, వాడు బిగుసుకుంటాడని. ఈ నెలలన్నీ మీ మధ్య మాటలు మూసుకుపోయి ఉంటే, ఇద్దరికీ ఏ లోటూ తెలియకుండా నేను మోశాను. ఇంత నీట్‌గా నీ ఆర్కిటెక్టు కూడా చేయించలేడు.

ఇవాళ్టి నుంచి మానేశాను. ఇంట్లో అప్పుడే చప్పుడు మొదలైంది. మీ నాన్న నీ కవరు చూశాడు.

"ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది. నాకొచ్చింది."

"ఏం రాసింది?"

"నాకు వినపడలేదు."

"ఉత్తరం వినపడటమేంటమ్మా?"

"ముసలిదాన్ని, అంతే."

వాడు ఇల్లంతా నడుస్తున్నాడు. తలుపులు గట్టిగా వేస్తున్నాడు. వెయ్యనీ.

ఇంటి చిరునామా నీకు తెలుసు. పైన పేరు మార్చు.

నానమ్మ


హాస్పిటల్ మొదటి అంతస్తు నుంచి

నాన్నా,

నానమ్మ వెనక్కి పంపిన ముక్క కింద అతికిస్తున్నాను. మళ్లీ రాయాలంటే చేతకాలేదు. చివరి మాట మాత్రం కొట్టేసి సరిగ్గా రాస్తున్నాను. నేనే అడుగుతున్నాను. కోపం ఉందా?


ఇంటి నుంచి

అమ్మాయికి,

ఉత్తరం అందింది. బంక ఎక్కువ రాశావు, కాగితం ముడతలు పడింది.

నిటారు గొట్టానికి నీళ్లు దిగినప్పుడు అదురు ఉంటుంది. కింది చివర దగ్గర ఒక క్లాంపు పెట్టు, నడుమున ఒకటి పెట్టు. గొట్టానికీ క్లాంపుకీ మధ్య రబ్బరు ముక్క వెయ్యి. కింది క్లాంపు గట్టిగా బిగించు. నడుమ దాన్ని మరీ బిగించకు, చప్పుడు చచ్చిపోతుంది.

కోపం ఉంది. కాగితం మీద రాసేటంత కాదు, ఎదురుగా కూర్చుంటే ఒక పూట పడుతుంది. ఆదివారం బస్సుకి వస్తున్నాను.

నేనొచ్చినప్పుడు ఆ మొదటి గొట్టం మూసిపెట్టు. రెండోది మోగుతుంటే పక్కన కూర్చుని వినాలి.

నాన్న